రాత్రికి ఏం నానబెట్టాం? – మా ఇంటి తిండి లెక్కల డైరీ

జూలై 6, ఆదివారం

ఈ డైరీ ఒక చీటీతో మొదలైంది. స్కూల్లో హెల్త్ క్యాంపు పెడితే మా పెద్దదానికి హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. పద్నాలుగేళ్ల ఆడపిల్లకి 12కి తగ్గకూడదట. డాక్టరుగారు నులిపురుగులకి ఒక మాత్ర, మూడు నెలలు రోజూ వేసుకోమని ఐరన్ మాత్రలు రాసిచ్చారు. "మాత్రలతో పెరుగుతుంది. మానేశాక నిలవాలంటే కంచంలో ఉండాలి" అన్నారు.

కంచంలో ఏముందో చూద్దామని నిన్న రాత్రి జూన్ నెల తిండి ఖర్చంతా ఫోన్‌పేలోంచి, పచారీ కొట్టు చీటీల్లోంచి ఏరి రాశాను. ఇంట్లో ఐదుగురం. అమ్మ, మా ఆవిడ, నేను, తొమ్మిది చదివే పెద్దది, ఐదు చదివే చిన్నాడు. విజయవాడ పటమటలో అద్దె ఇల్లు. నాది ఆటోనగర్‌లో విడిభాగాల కొట్లో లెక్కలు రాసే పని. ఊళ్లోవాళ్ల లెక్కలు పైసాతో సహా రాస్తాను గానీ మా వంటింటి లెక్క ఎప్పుడూ రాయలేదు.

మొత్తం 17,400 తేలింది. అందులో పప్పులన్నీ కలిపి 700. పళ్లు 450. బిస్కెట్లు, చిప్సు, బేకరీ సరుకు 1,740. బయట టిఫిన్లు, యాప్‌లో తెప్పించుకున్నవి 3,700. పప్పుకి పెట్టినదానికి ఐదింతలు బయట తిండికి పోయింది. మా ఆవిడ కాగితం చూసి, "ఎక్కడో తప్పు పడుంటుంది, మళ్లీ కూడండి" అంది. మళ్లీ కూడినా అంతే వచ్చింది.

అనుకున్నది ఇది: మూడు నెలల్లో నెలకి 14,000కి దిగాలి, కంచం మాత్రం ఇప్పటికంటే మెరుగవ్వాలి. ఖర్చు తగ్గించడం ఒక్కటే అయితే సులువే, చారూ అన్నం తిని పడుకోవచ్చు.

ఇవాళ తొలి ఏకాదశి. అమ్మ జొన్నపేలాలు దంచి, బెల్లం, యాలకులు కలిపి పేలపిండి చేసింది. చిన్నాడు ముందు ముక్కు చిట్లించాడు, తర్వాత రెండోసారి పెట్టించుకున్నాడు. చిరుతిండి ఖాతాలో మొదటిరోజు ఖర్చు పద్దెనిమిది రూపాయలు.

జూలై 9, బుధవారం

ఐరన్ మాత్ర పాలతో వేసుకోకూడదని ఇన్నాళ్లూ తెలియదు. పాలలోని కాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. టీ, కాఫీలదీ అదే పని. మా పెద్దది టిఫినవ్వగానే కాఫీ తాగుతుంది, అది మా అమ్మ చేసిన అలవాటే. ఇప్పుడు మాత్ర నిమ్మకాయ నీళ్లతో. కాఫీ సాయంత్రానికి జరిగింది. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో గొడవ మాత్రం రెండ్రోజులు నడిచింది.

జూలై 13, ఆదివారం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకి 2,000 కేలరీలు కావాల్సిన మనిషికి ఒక నమూనా కంచం ఇచ్చారు: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పళ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. పప్పుకి బదులు కొంత గుడ్డో, చేపో, మాంసమో తినొచ్చు.

లెక్కలు రాసేవాడికి ఇలాంటిది దొరికితే ఊరుకోడు కదా. అయిదుతో, ముప్ఫైతో హెచ్చవేశాను. నెలకి పప్పులు 12 కిలోల 750 గ్రాములు. మేం తింటున్నది ఐదున్నర. కూరగాయలు 60 కిలోలు. దుంపలు, ఉల్లిపాయలు తీసేస్తే మావి పాతిక దాటవు. నూనె నాలుగున్నర లీటర్ల లోపే ఉండాలి, మేం ఆరు లీటర్లు వాడుతున్నాం. ఒక్క నూనెలోనే మేం ముందున్నాం! చిన్నాడికీ అమ్మకీ అంత తిండి అక్కర్లేదు, నిజమే. అది తగ్గించి చూసినా మా కంచం బియ్యంవైపు ఒరిగిపోయి ఉంది.

పొద్దున్న ఆరున్నరకి పటమట రైతుబజారుకి వెళ్లాం. ఇంటి ముందుకొచ్చే తోపుడుబండి దగ్గర కొనే మాకు అది వేరే లోకం. ధరల బోర్డు చూసుకుని, రెండు వరసలు తిరిగి, అప్పుడు సంచి తెరవాలి. మా ఆవిడ మొదటి కొట్టు దగ్గరే తెరిచేసింది, నాలుగడుగుల అవతల అవే బెండకాయలు ఇంకా లేతగా ఉన్నాయి. తోటకూర, చుక్కకూర, గోంగూర, బచ్చలి తీసుకున్నాం. గోంగూర అమ్మిన పెద్దావిడ కొసరుగా రెండు మునగ రెమ్మలు పడేసింది. మునగాకు కొనేవాళ్లు లేరట, కోసుకెళ్లేవాళ్లే ఉన్నారట. మొత్తం 9 కిలోలు, 340 రూపాయలు.

తిరిగొచ్చాక ఆకుకూరలు బాగుచేయడానికి గంటంబావు పట్టింది. ఈ గంటంబావు ఏ ధరల బోర్డు మీదా రాసి ఉండదు. అందుకే జనం కట్టలు కొనరు, నాకిప్పుడు అర్థమైంది. పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టాను. చిన్నాడు కాడలన్నీ ఉంచి ఆకులు పారేస్తుంటే అమ్మ తలమీద ఒకటిచ్చింది.

జూలై 20, ఆదివారం

ముడిబియ్యం ఫెయిల్. ఉత్సాహం కొద్దీ ఐదు కిలోలు తెచ్చాను, కిలో 90. మొదటిరోజు గంట ముందు నానబెట్టకుండా వండాం, రబ్బరులా సాగింది. రెండోరోజు అమ్మకి కడుపు ఉబ్బరం. మూడోరోజు చిన్నాడు క్యారేజీ తెరవకుండానే తిరిగి తెచ్చాడు. నిన్న డబ్బా తీస్తే పురుగు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ముడిబియ్యం త్వరగా కంపు పడుతుంది, పురుగూ పడుతుంది. వానాకాలంలో ఐదు కిలోలు కొనడం నా తెలివి. మిగిలినవి ఎండలో పోసి, జల్లించి, అట్లపిండిలో కలుపుతున్నాం.

కాబట్టి అన్నం ఎప్పటి అన్నమే. మా బస్తా బీపీటీ, బాపట్లలో పుట్టిన సాంబమసూరి. ఈ నాలుకలు దాన్ని వదలవు. అన్నం మార్చలేనప్పుడు అన్నంలో కలుపుకునేది పెంచాలి. రెండు గరిటెల అన్నానికి గరిటె పప్పు కాకుండా, గరిటెకి గరిటె.

బస్తా అంటే గుర్తొచ్చింది. 2022 జూలైలో 25 కిలోల వరకూ ప్యాక్ చేసిన బియ్యం మీద జీఎస్టీ వేసినప్పటినుంచి బస్తా 26 కిలోలైంది. ఆ కిలో మనకి కొసరు అనుకుంటాడు మా పక్కింటాయన. కాదండీ బాబూ, అది పన్ను తప్పించుకునే కిలో.

జూలై 27, ఆదివారం

ఈ వారం ఈ ప్రాజెక్టులో అసలు సంగతి దొరికింది. దొరికింది కూడా పోషకాహారం గురించి కాదు.

బయట తిండి తిన్న ప్రతిరోజూ గోడ క్యాలెండరు మీద ఎర్ర సున్నా చుడుతున్నాను. మూడు వారాల్లో ఏడు సున్నాలు. ఇవాళ పొద్దున్న మా ఆవిడ కాఫీ గ్లాసుతో వాటిముందు నిలబడి ఒక్కోదాని ముందురోజు ఏం జరిగిందో చెప్పుకుంటూ పోయింది. "ఇది అక్కయ్య వాళ్లింటికెళ్లొచ్చి ఆలస్యమైన రోజు. ఇది కరెంటు పోయిన రోజు. ఇది మీరు క్రికెట్ చూస్తూ నన్ను లేపని రోజు..." ఏడింట్లో ఆరు, ముందురాత్రి ఏమీ నానబెట్టకుండా పడుకున్న రోజులే.

పొద్దున్న ఆరింటికి గిన్నెలో నానిన పెసలుంటే ఏడుకి పెసరట్టు. లేకపోతే ఏడుకి నేను బండి తీసి సందు చివర టిఫిన్ బండి దగ్గర నిలబడతాను. సాయంత్రం ఐదింటికి పిల్లలొచ్చేసరికి ఉడికిన శనగలుంటే గుగ్గిళ్లు, లేకపోతే చిప్సు ప్యాకెట్టు. ఇంతకుమించి రహస్యం ఏమీ లేదు.

ఇవాళ పెసరట్టు లెక్క కట్టాను. పెసలు 300 గ్రాములు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిరపకాయలు. పదమూడు అట్లు వచ్చాయి. నూనెతో, అల్లం పచ్చడితో కలిపి 58 రూపాయలు. అదే ఐదుగురికీ బయటైతే రెండు వందల డెబ్భై దాకా.

ఫోన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి అలారం పెట్టాం. పేరు "గిన్నె".

ఆగస్టు 3, ఆదివారం

జూలై మొత్తం: 17,950. తగ్గకపోగా పెరిగింది. డబ్బాలు, ముడిబియ్యం, ఒకేసారి కొన్న గింజలు అన్నీ అందులోనే పడ్డాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

పది రూపాయలకి ఎంత ప్రోటీన్ వస్తుందో, మేం కొన్న ధరల్లో లెక్క చూశాను. పాలైతే 5 గ్రాములు. గుడ్డైతే 11 దాకా. కందిపప్పు 18, వేరుశనగ గుళ్లు 19. ఉలవలు 24! డబ్బా మీద కండలు తిరిగిన పిల్లాడి బొమ్మ ఉండే, పాలల్లో కలుపుకునే పొడి ఈ పోటీలోకే రాదు. గుడ్డు ప్రోటీన్ ఒంటికి బాగా పడుతుంది, పప్పుది అంత కాదు, కానీ అన్నంతో కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. పప్పన్నం కనిపెట్టినవాళ్లు ఈ లెక్క కట్టలేదు. అయినా సరిగ్గానే కుదిరింది.

ఉలవలు అనగానే అమ్మ నా చేతిలోంచి పెన్ను లాక్కున్నంత పనిచేసింది. ఉయ్యూరు దగ్గర పల్లెలో వాళ్లింట్లో నాలుగెద్దులుండేవట. ఉలవలు ఉడకేసి ఎద్దులకి పెట్టి, ఆ నీళ్లతో మనుషులు చారు కాచుకునేవాళ్లు. "ఇప్పుడు పెళ్లిళ్లలో వెన్నపూస వేసి గిన్నెల్లో పోస్తుంటే నవ్వొస్తుందిరా" అంది.

ముందు గాలించింది. కిలో తెస్తే అందులో సగం వెడల్పాటి గిన్నెలో పోసి, మునిగేలా నీళ్లు పోసి, గిన్నెని వాలుగా పట్టుకుని చేత్తో తిప్పుతుంటే తేలికైన ఉలవలు నీళ్లతోపాటు పక్క గిన్నెలోకి జారుతున్నాయి, రాళ్లు అడుగున ఆగిపోతున్నాయి. ఐదారుసార్లు అలా చేశాక గిన్నె అడుగున ఏడు రాళ్లు, ఒక ఇనపముక్క. పంటికి తగిలితే పప్పులో ఆదా అయినదంతా పళ్ల డాక్టరుకి పోయేది. రాత్రంతా నానినవి మర్నాడు ఎక్కువ నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించి, నీళ్లు వడకట్టి, చింతపండు పులుసు, చిన్న బెల్లంముక్క వేసి సన్నసెగ మీద మరిగించింది. చారు ఎర్రమట్టి రంగునుంచి కాఫీ గింజల రంగుకి తిరిగేదాకా అమ్మ పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. ఇంగువ, వెల్లుల్లి, ఎండుమిరపకాయల తాలింపు. మిగిలిన ఉలవలకి ఉల్లిపాయ, కొబ్బరి వేసి సాయంత్రానికి గుగ్గిళ్లు, పైన నిమ్మరసం. నిమ్మలోని సి విటమిన్ గింజల్లోని ఐరన్‌ని పట్టిస్తుంది. నానబెట్టినా, మొలకెత్తించినా ఆ ఐరన్‌కి అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి. అంటే తొమ్మిదిన్నర అలారం పెద్దదాని చీటీకి కూడా పనికొస్తోంది.

పెద్దది చారు గ్లాసులో పోసుకుని తాగింది. అన్నంలో కలుపుకోమంటే వినలేదు.

ఆగస్టు 10, ఆదివారం

శనగల వరద. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మా ఆవిడ పదకొండిళ్లకి పేరంటానికెళ్లింది, పదకొండిళ్ల వాయనాలూ వచ్చాయి. నానబెట్టిన శనగలు తూకం వేస్తే రెండు కిలోల ఆరు వందల గ్రాములు. ఆ రాత్రి అలారం మోగితే అందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుని నవ్వుకున్నాం. ఊరంతా మాకోసం నానబెట్టింది.

ఏటా మూడోరోజుకి పులిసిపోతే ఆవుకి పెట్టేవాళ్లం. ఈసారి కొన్ని అదేరోజు ఉడకబెట్టి మసాలా కూర, కొన్ని వంకాయలో, కొన్ని రుబ్బి వడలు. వడలకి నూనె పోయింది, పోనీ, పండగ. మిగిలినవి తడిబట్టలో మూటకట్టి మొలకలకి పెట్టాం. ఈ ఉక్కకి ఒక్కరోజులో మొలకొచ్చింది. రెండోరోజూ అలాగే వదిలేస్తే జిగురొచ్చి వాసన కొట్టింది. వానాకాలంలో మొలకల మూట పన్నెండు గంటలకోసారి కడగాలి, తెల్లమొలక కనపడగానే తీసేయాలి. నాలుగు గుప్పెళ్లు పారేశాం.

ఆగస్టు 17, ఆదివారం

ఇనప మూకుడు కొన్నాం, 480. ఇనప పాత్రలో వండితే కూరలోకి కొంత ఐరన్ దిగుతుంది, పులుపైతే ఇంకొంచెం ఎక్కువ. ఆ ముక్క పట్టుకుని నేను టమాటా కూర చేశాను. తారులాగా నల్లగా అయి, నాలుక మీద తాళంచెవి రుచి. అమ్మ అప్పటికే చెప్పింది, ఇనుములో పులుపు వండకూడదని. ఇప్పుడు దాంట్లో వేపుళ్లు, తోటకూర తాలింపు, అంతే. వండాక అందులోనే వదలకుండా వేరే గిన్నెలోకి తీసేస్తున్నాం.

రాగిజావ కుదిరింది. నేను మరిగే నీళ్లలో పిండి పోసి ఉండలు కట్టించిన చోట, అమ్మ పిండిని ముందు చన్నీళ్లలో జారుగా కలిపి, తర్వాత మరుగుతున్న నీళ్లలో ధారగా పోసింది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ. రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది, అందుకే ఐరన్ మాత్ర వేసుకునే పూట కాకుండా వేరే పూట ఇస్తున్నాం.

ఆగస్టు 31, ఆదివారం

ఆగస్టు: 15,900.

శ్రావణం పోయింది, నీసు తిరిగొచ్చింది. ఇంతకుముందు ఆదివారం అంటే కిలోన్నర కోడి. ఇప్పుడు ముప్పావు కిలో కోడి, పావుకిలో కోడి కార్జం. కార్జంలోని ఐరన్ ఆకుకూరల్లోదానికంటే తేలిగ్గా ఒంటికి పడుతుంది, పైగా కోడి కంటే చౌక. మిరియాలు దట్టించి వేయిస్తే పెద్దది తింటుంది. చిన్నాడు పేరు వినగానే లేచిపోయాడు. మరోవారం ఎండు మెత్తళ్లు, వంకాయతో. పులస మాట ఎవరూ ఎత్తలేదు. పుస్తెలమ్మైనా తినాలన్నది గోదావరివాళ్ల సామెత, మాకు వర్తించదు.

గుడ్లు వారానికో అట్ట. కోళ్ల రైతుల సంఘం 'నెక్' ప్రకటించే విజయవాడ రేటు పేపర్లో వందకి ఇస్తారు. అది చూసి వెళ్తే కొట్టువాడు ఎంత వేసుకుంటున్నాడో తెలుస్తుంది. ఈ సంగతి వాడికి చెప్పకూడదు. నేను చెప్పాను, అప్పట్నుంచి పగిలిన గుడ్డు మార్చడం మానేశాడు.

నూనె నాలుగున్నర లీటర్లకి దిగింది. చేసిందల్లా డబ్బాలోంచి నేరుగా వంచడం మానేసి నెలకి కావలసింది సీసాల్లో పోసి పెట్టుకోవడం. సీసా మీద గీతలుంటే చెయ్యి తనంతట తనే ఆగుతుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

ఈ వారం రాయడానికి మొహం చెల్లడం లేదు. చిన్నాడికి జ్వరం, మా ఆవిడ వాళ్లమ్మగారికి బాగోలేదని గుంటూరు వెళ్లింది, కొట్లో ఆడిట్. అలారం మోగుతుంటే నేనే ఆపాను, మూడు రాత్రులు. మూడు ఎర్ర సున్నాలు, 610 రూపాయలు. పాలు, బ్రెడ్డు. నాలుగోరోజు అమ్మ ఏమీ అనకుండా తనే మినప్పప్పు నానబెట్టి మధ్యాహ్నం దిబ్బరొట్టె వేసింది. అడుగు ఎర్రగా కాలి, లోపల దూదిలా. జ్వరం నోటికి చిన్నాడు సగం తిన్నాడు.

సెప్టెంబరు 28, ఆదివారం

నిన్న పరీక్ష చేయించాం. 11.2. డాక్టరుగారు ఇంకో నెల మాత్రలు కొనసాగించమన్నారు. ఇందులో మాత్రల వంతెంత, కంచం వంతెంత అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. మాత్రలదే ఎక్కువ వంతని నా అనుమానం. మెట్లెక్కితే ఆయాసపడడం మాత్రం తగ్గిందని పెద్దది అంటోంది.

నెల ఇంకా రెండ్రోజులుంది, వెచ్చాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి లెక్క మూసేస్తున్నాను. సెప్టెంబరు 15,100. అనుకున్న 14,000 అందలేదు. ఇకముందు అందుతుందనీ అనుకోవడం లేదు, ఎందుకంటే కూరగాయలు 1,900 నుంచి 2,650కి, పళ్లు 450 నుంచి 900కి పెరిగాయి. వాటిని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. జామకాయలు ఇప్పుడిప్పుడే చౌకవుతున్నాయి, సి విటమిన్ నారింజ కంటే అందులోనే ఎక్కువ. పప్పులు, గింజలు కలిపి 1,950. ప్యాకెట్లు 420. బయట తిండి 880, అందులో మూడొంతుల్లో రెండొంతులు ఆ జ్వరం వారానివే. కొండమీద అమ్మవారి దర్శనానికి వెళ్లొస్తూ బందరు రోడ్డులో తిన్న మిర్చిబజ్జీలూ అందులోనే ఉన్నాయి. వాటికి సున్నా చుట్టొద్దని ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు.

అందనివి: పాలు రోజుకి లీటరు దగ్గరే ఆగిపోయాం, నమూనా కంచం ప్రకారం కావలసిన లీటరున్నర మాకు మోయలేని బరువు. ఆకుకూర వారానికి నాలుగుసార్లే అవుతోంది, బాగుచేసే చేతులు చాలక.

ఇప్పుడు తొమ్మిదీ నలభై. గిన్నెలో ఏమీ లేదు. అమ్మ లోపల్నుంచి, "ఉలవలు అయిపోయాయిరా, రేపు కిలో పట్రా. ఇవాల్టికి పెసలు పొయ్యి" అంటోంది.

పెసల డబ్బా పై అరలో ఉంది. వెళ్లి తీయాలి.